సున్నపు బట్టీలు – కోస్తా కట్టడాలు
(ఒక పాత గుమాస్తా జ్ఞాపకాలతో)

మా మిరుదొడ్డి నుంచి సముద్రం ఎటు చూసినా మూడు వందల కిలోమీటర్ల పైమాటే. మాకు తెలిసిన పెద్ద నీరంటే ఊరి చెరువు, వానాకాలంలో పొంగే కూడవెల్లి వాగు. అటువంటి ఊరివాడు కోస్తాలోని సున్నపు బట్టీల గురించి రాయడమేమిటని మన సంఘ సభ్యులు కొందరికి సందేహం కలగవచ్చు. కారణం ఉన్నది. ఉద్యోగంలో ఉండగా నా చేతి మీదుగా ఒక పొరపాటు జరిగింది. ఆ పొరపాటు ఏమిటో నాకు పూర్తిగా అర్థమైనది పదవీ విరమణ తర్వాత, పులికాట్ సరస్సు ఒడ్డున, కూలిపోయిన ఒక సున్నపు బట్టీ ముందు నిలబడినప్పుడు. ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని మిత్రులు కోరినప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చింది అదే.

సున్నం అంటే ఏమిటి?

'చూర్ణం' అనే సంస్కృత పదమే వాడుకలో అరిగి 'సున్నం' అయినదని భాషావేత్తలు చెబుతారు. ఇంగ్లీషువారు దానినే 'చునాం' అని రాసుకున్నారు. సున్నపురాయి, సముద్రపు గుల్లలు, నల్లరేగడి నేలల్లోనూ వాగు ఒడ్డుల్లోనూ దొరికే తెల్లని సున్నపు గడ్డలు – ఈ మూడింటిలోనూ ఉండే ముఖ్య పదార్థం ఒక్కటే, కాల్షియం కార్బొనేట్. దానిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడిమికి కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోతుంది. శుద్ధమైన రాయి 100 కిలోలు కాలిస్తే మిగిలేది 56 కిలోల పొడి సున్నం. దాని మీద నీళ్ళు చల్లితే బుసబుసమని ఆవిరి కక్కి, పగిలి, మెత్తని పిండి అవుతుంది. ఇసుకతో కలిపి గోడకు పెట్టిన తర్వాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొద్దికొద్దిగా పీల్చుకుంటూ మళ్ళీ రాయిగా మారుతుంది. బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గోడ మీద తిరిగి సంపాదించుకుంటుందన్నమాట. అందుకు నెలలు పడుతుంది, మందపాటి గోడల్లో ఏళ్ళే పడుతుంది. సున్నపు పనిలో అసలు ఖర్చు ఈ కాలానిదే. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

కోస్తాకు గుల్లే రాయి

గోదావరి, కృష్ణా డెల్టాలు ఒండ్రు నేలలు. అక్కడ ఎంత తవ్వినా మట్టి, ఇసుక తప్ప రాయి తగలదు. మంచి సున్నపురాయి పల్నాటిలో ఉన్నది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు ఈనాటికీ ప్రసిద్ధమే. కాని రైళ్ళు రాని రోజుల్లో అంత బరువును ఎడ్లబండ్ల మీద తీరం దాకా మోయించడం మాటలు కాదు. అందుచేత కోస్తావారు కాళ్ళ దగ్గర ఉన్నదాన్నే వాడుకున్నారు. అదే గుల్ల. కాకినాడ అఖాతంలో బుడితగుల్ల, ఇతర చిప్పలు ఏరి కాల్చేవారు. నెల్లూరు సీమకు దక్షిణాన ఉన్న పులికాట్ సరస్సులో అయితే బతికున్న గుల్లలే కాదు, వేల ఏళ్ళ కిందట చచ్చి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న గుల్ల కూడా ఉన్నది. దాన్ని తవ్వి, నీళ్ళలో జల్లెడ పట్టి, కుప్పలు పోసేవారు.

గుల్లలో మరొక సుగుణం ఉన్నది. పలుచగా ఉంటుంది కనుక త్వరగా కాలుతుంది. పెద్ద రాతి బట్టీ రోజుల తరబడి మండాలి. గుల్ల బట్టీకి ఒక రాత్రి మంట చాలు. నడుమెత్తు గుండ్రని గోడ, అడుగున గాలి పోవడానికి కన్నాలు, లోపల ఒక వరుస పుల్లలో బొగ్గో, ఒక వరుస గుల్ల, మళ్ళీ ఒక వరుస పుల్లలు – ఇంతే నిర్మాణం. కొలిమితిత్తుల పని సముద్రపు గాలి చేసేది. ఉదయం చల్లార్చి తీసి, నీళ్ళు చల్లి, జల్లెడ పట్టేవారు. ఆ జల్లెడ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. సున్నపు దుమ్ము కంట్లో పడితే కన్ను మండిపోతుంది, చేతివేళ్ళు పగిలి రక్తం కారుతుంది. మేడలు కట్టించినవారి పేర్లు రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి గాని, ఈ చేతుల పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

గుల్ల సున్నం తెలుపులో రాతి సున్నాన్ని మించుతుంది. దానికి కోడిగుడ్డు తెల్లసొన, బెల్లపు నీళ్ళు వంటివి చేర్చి, నున్నని రాళ్ళతో రోజుల తరబడి రుద్ది, చలువరాయిలాగా మెరిసే గచ్చు చేసేవారు. 'మద్రాసు చునాం' అని దేశదేశాల యాత్రికులు మెచ్చుకున్నది దీనినే. తాంబూలంలోకి కూడా గుల్ల సున్నమే శ్రేష్ఠమనేవారు. మా నాయనమ్మ సున్నం డబ్బీలోని సున్నం ఏ సముద్రపు గుల్లదో అప్పట్లో నాకు తెలియదు, ఆమెకూ తెలియదు.

కాలువ దారిన వచ్చిన సున్నం

బట్టీకి రెండే కావాలి, గుల్ల, వంటచెరకు. పులికాట్ దగ్గర ఆ రెండూ ఒకే చోట దొరికాయి. సరస్సులో గుల్ల, పక్కనున్న శ్రీహరికోట దీవి అడవిలో కట్టె. వాటిని మద్రాసు చేర్చిన దారి బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు ఒక చిన్న కాలువగా ఇది మొదలైనది. 1876–78 నాటి మహా కరువులో, తిండి లేక అలమటిస్తున్న జనానికి కూలి చూపించడానికి మద్రాసు పట్టణంలో ఉత్తర, దక్షిణ కాలువలను కలుపుతూ తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి స్థిరపడింది. ఉత్తరాన అది బాపట్ల జిల్లా పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలుస్తుంది. మొత్తం సుమారు 420 కిలోమీటర్లలో 250కి పైగా మన తెలుగు నేల మీదనే ఉన్నది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా పడవ మీద పోగలిగిన కాలమది.

ఆ పడవల్లో దక్షిణానికి పోయిన సరుకులలో బియ్యం, ఉప్పు, వంటచెరకుతో పాటు సున్నపు గుల్ల కూడా ముఖ్యమైనది. మద్రాసులో ఆనాడు లేచిన తెల్లని మేడల గచ్చులో మన తీరపు గుల్ల పాలు చాలా ఉన్నది. 1965, 1966 తుపానులలో కాలువ బాగా దెబ్బతిన్నది, లారీలు వచ్చాయి, పడవలు తగ్గిపోయాయి. శ్రీహరికోట అడవి పక్కన ఇప్పుడు రాకెట్లు లేస్తున్నాయి.

నీళ్ళలో నిలిచే సున్నం

ఇక్కడ ఒక చిక్కున్నది. శుద్ధమైన గుల్ల సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది. నీటి అడుగున పెడితే గట్టిపడదు. మరి కాలువలు, లాకులు, ఆనకట్టలు ఎలా కట్టారు? దానికి జవాబు ఇటుక పొడి. బాగా కాలిన ఇటుకను దంచి మెత్తగా చేస్తే అది సుర్ఖీ. దానిని సున్నంలో కలిపి నూరితే ఆ మిశ్రమం నీళ్ళలో కూడా గట్టిపడుతుంది. కొంత మట్టి కలిసి ఉన్న సున్నపు గడ్డలను కాల్చినా ఇదే గుణం వస్తుంది. మన తాతలు రసాయన శాస్త్రం చదవలేదు గాని ఏ పనికి ఏ సున్నమో వారికి తెలుసు.

1833 నాటి డొక్కల కరువులో గుంటూరు సీమ శ్మశానమైనది. గోదావరి జిల్లా కూడా కరువులతో, తుపానులతో కుంగిపోయింది. అటువంటి సమయంలో ఆర్థర్ కాటన్ గోదావరికి ఆనకట్ట కట్టాలని ప్రతిపాదించి, 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852లో పూర్తి చేయించాడు. కావేరి మీద పూర్వులు కట్టిన కల్లణై చూసి, ఇసుక మీద కూడా కట్టడం నిలుస్తుందన్న ధైర్యం తెచ్చుకున్నాడు. ఆయనకు కుడిభుజంగా పనిచేసిన వీణం వీరన్న మన తెలుగువాడు. సిమెంటు అన్నది ఆ రోజుల్లో మన దేశంలో వాడుకలో లేదు. రాయి, ఇటుక, సున్నం – ఇవే. ఆ కట్టడం కొత్త బ్యారేజీ వచ్చేదాకా నూట ఇరవై ఏళ్ళకు పైగా గోదావరి వరదలకు ఎదురు నిలిచి డెల్టాకు అన్నం పెట్టింది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయినది. అదీ ఆ కోవకు చెందినదే.

కోనసీమకు నీళ్ళివ్వడానికి వైనతేయ పాయ మీదుగా గన్నవరం దగ్గర కట్టిన పాత అక్విడెక్టును చూసినవారికి ఈ సున్నపు సత్తా తెలుస్తుంది. 1850ల తొలినాళ్ళ కట్టడమది. 49 కమానుల మీద కాలువ నది దాటుతుంది. 2000 సంవత్సరంలో దాని పక్కనే అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరిట కొత్త అక్విడెక్టు వచ్చేదాకా ఒకటిన్నర శతాబ్దం అది పనిచేసింది. భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు, బందరు కోటలో మిగిలిన గోడలు – ఇవన్నీ ఉప్పు గాలిలో వందల ఏళ్ళుగా నిలిచిన సున్నపు పనులే. తుంగభద్ర ఆనకట్టను చూద్దాం. 1945లో హైదరాబాదు సంస్థానం, మద్రాసు ప్రభుత్వం కలిసి మొదలుపెట్టగా 1953లో పూర్తయిన ఆ ఆనకట్ట కూడా సుర్ఖీ సున్నంతో కట్టినదే. 2024 ఆగస్టులో దాని 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయిన వార్త మనమంతా చదివాము. పోయినది ఇనుప గేటు, రాతి గోడ నిలిచే ఉన్నది.

మన వైపు సున్నం

మెదక్, సిద్దిపేట ప్రాంతం నల్లరాతి సీమ. గుల్ల లేదు, సున్నపురాయి పొరలూ లేవు. రేగడిలో, వాగుల వెంట దొరికే సున్నపు గడ్డలు ఏరి కాల్చేవారు, లేదా బయటినుంచి బండ్ల మీద తెచ్చేవారు. నా చిన్నతనంలో మిరుదొడ్డిలో ఎవరైనా మిద్దె కడుతున్నారంటే ముందుగా కనపడేది గానుగ. గుండ్రంగా రాతి కాలువ, అందులో పెద్ద రాతి చక్రం, దానికి కట్టిన ఎడ్లు. సున్నం, ఇసుక, బెల్లపు నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోసి రోజంతా తొక్కిస్తే వెన్నలాంటి డంగు సున్నం తయారయ్యేది. పిల్లలం ఎడ్ల వెనుక తిరిగి తిట్లు తినేవాళ్ళం. 'సున్నం ఎంత నలిగితే గోడ అంత నిలుస్తది' అని పెద్దమేస్త్రీలు అనేవారు. 1591 నాటి చార్మినార్ నిలిచినదీ, 1914లో మొదలై కరువు కాలంలో వేలమందికి కూలి చూపించి 1924 క్రిస్మస్ నాడు తెరుచుకున్న మెదక్ చర్చి నిలిచినదీ ఈ గచ్చు సున్నంతోనే.

నేను రాసిన నోటు

ఇప్పుడు నా పొరపాటు చెప్పుకోవాలి. 1986 ప్రాంతంలో నేను ఒక కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నాను. నిజాం కాలపు భవనం. రెండడుగుల మందం గోడలు, లోపల ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేది. వెనుక వైపు గోడకు సున్నం కొంత పెచ్చులూడింది. మరమ్మతు కాగితం నా బల్ల మీదికి వచ్చింది. సున్నపు పనికి రేటు మరీ పాతది, ఆ రేటుకు ఏ కాంట్రాక్టరూ రాడు. గానుగ ఆడించి, వారం పది రోజులు తడుపుతూ పని చేయించే తీరిక ఎవరికీ లేదు. మార్చి నెల దగ్గరపడుతున్నది, నిధులు మురిగిపోతాయి. 'సిమెంటు ప్లాస్టరింగు చేయించుట ఉత్తమము, శాశ్వతము' అని నేను నోటు రాశాను. ఆ 'శాశ్వతము' అన్న మాట నా సొంత కవిత్వం. పైవారు సంతకం చేశారు. నాలుగు రోజుల్లో పని అయిపోయింది.

ఆ పనికి కూలికి వచ్చినవాళ్ళలో ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. ఒకనాడు నా బల్ల దగ్గరికి వచ్చి, 'సారూ, గోడ ఊపిరి తీసుకోవాలె. మీరు దాని ముక్కు మూస్తున్నరు' అన్నాడు. 'అట్లనా తాతా' అని నవ్వి పంపించాను.

మూడు వానాకాలాలు గడిచేసరికి ఆ గోడ లోపలివైపు నుంచి చెమ్మ కారడం మొదలైనది. సిమెంటు పెచ్చులు పలకలు పలకలుగా ఊడి, పాత సున్నాన్ని, ఇటుక ముక్కలను కూడా వెంట తీసుకుపోయాయి. ఆ గోడకు ఆనుకుని ఉన్నది మా రికార్డు గది. ఎవరూ గమనించకముందే కింది అరలలోని సర్వీసు రిజిస్టర్లు తడిసి, ఆకులు అతుక్కుపోయాయి. వాటిలో ఒకటి మా కార్యాలయంలోనే చిన్న ఉద్యోగిగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి ఆ సంవత్సరమే విరమించవలసిన మనిషిది. ఇంక్రిమెంట్లు, సెలవుల పద్దులు చదవరాకుండా పోయాయి. పాత జీతాల బిల్లులు వెతికి, ఎంట్రీలు ఒక్కొక్కటే ధ్రువీకరించి ఆ రిజిస్టరును మళ్ళీ తయారు చేసేసరికి ఏడాదికి పైగా పట్టింది. ఆ ఏడాది అతను పింఛను లేకుండా మా వరండాలో కూర్చునేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. గోడ సంగతి, నోటు సంగతి అతనికి తెలియదు. నాకు తెలుసు. సర్వీసు రిజిస్టరు విలువ ఏమిటో మన సంఘ సభ్యులకు నేను చెప్పనవసరం లేదు.

పులికాట్ ఒడ్డున తెలిసిన సంగతి

విరమణ తర్వాత 2009లో మా అల్లుడి ఉద్యోగరీత్యా సూళ్ళూరుపేటలో కొన్నాళ్ళున్నాను. ఒకరోజు సరస్సు వైపు పోతే ఒడ్డున గుండ్రని మొండిగోడ, చుట్టూ తెల్లని గుల్ల పొడి కనిపించాయి. పాత బట్టీ అది. దగ్గరలో ఉన్న ఒక పెద్దాయన తన చిన్నతనంలో అది ఎలా మండేదో చెప్పి, తన పాత ఇల్లు చూపించాడు. గుల్ల సున్నం పూసిన గోడ ఎనభై ఏళ్ళదైనా గట్టిగా ఉన్నది. దాని పక్కనే ఇరవై ఏళ్ళ కిందట పోసిన స్లాబు కింద ఇనుప చువ్వలు తుప్పు పట్టి, ఉబ్బి, పెచ్చులు రాలుతున్నాయి. 'సున్నం గోడ తాగిన నీళ్ళు మళ్ళా బయటికి వదిలేస్తుందయ్యా. సిమెంటు లోపలే పెట్టుకుంటుంది' అన్నాడు. ఇరవై ఏళ్ళ కిందట మేస్త్రీ తాత చెప్పినది కూడా సరిగ్గా ఇదే.

తర్వాత ఇంజనీరు మిత్రులను అడిగి తెలుసుకున్న వివరం ఇది. పాత గోడలకు పునాదిలో తేమ ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నానికి సన్నని రంధ్రాలుంటాయి కనుక ఆ చెమ్మ ఆవిరై పోతుంది. సిమెంటు పూస్తే దారి మూసుకుపోతుంది. చెమ్మతో పాటు వచ్చిన లవణాలు ప్లాస్టరు వెనుక గడ్డకట్టి దాన్ని బయటికి నెడతాయి. తీరంలో ఉప్పు ఎక్కువ కనుక ఈ వ్యాధి అక్కడ త్వరగా బయటపడుతుంది. మన దగ్గర మూడు వానాకాలాలు పట్టింది, అంతే తేడా.

బట్టీ ఎందుకు ఆరిపోయింది?

ఇందులో ఒక విచిత్రమున్నది. మన దేశంలో సిమెంటు తయారీకి జరిగిన తొలి ప్రయత్నాలలో ఒకటి 1904లో మద్రాసులో జరిగింది. అందులో వాడిన ముడిసరుకు సముద్రపు గుల్లే. ఆ ప్రయత్నం నిలవలేదు గాని, 1914 తర్వాత ఇతర చోట్ల పెట్టిన ఫ్యాక్టరీలు నిలిచాయి. సిమెంటుకు గానుగ అక్కరలేదు, నెలలు ఆగనక్కరలేదు, ఎవరైనా కలపవచ్చు. సున్నం కాలాన్ని అడుగుతుంది. కాలానికి డబ్బులివ్వడం మన అంచనాల్లో ఎక్కడా లేదు. అలా బట్టీలు ఆరాయి, గానుగలు ఆగాయి, ఆ పని తెలిసిన చేతులు ఇటుకలు మోయడానికి పోయాయి.

నేను సిమెంటుకు విరోధిని కాను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత తీరమంతటా కట్టిన కాంక్రీటు తుపాను భవనాలు ఎన్నో ప్రాణాలు కాపాడాయి. అవి సున్నంతో అయ్యేవి కావు. పులికాట్ గుల్లను మళ్ళీ తవ్వమని కూడా అనను. ఆ సరస్సు పక్షులకు, చేపలకు ఆవాసం, తవ్వకాలతో అది చాలా నష్టపోయింది. కొత్త ఇంటికి సిమెంటు, పాత గోడకు సున్నం. నేను చెప్పదలచినది ఇంతే.

సంతోషించవలసిన విషయం ఒకటున్నది. గోలకొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధులకు వెనుకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటును తొలగించి, మళ్ళీ సున్నపు గచ్చు చేసే పని ఆగాఖాన్ ట్రస్టువారు 2013లో మొదలుపెట్టి 2024లో ముగించారు. 2019 మే నెలలో చార్మినార్ మీనారు నుంచి ఒక గచ్చు ముక్క ఊడిపడినప్పుడు కూడా పురావస్తు శాఖవారు సున్నంతోనే బాగుచేశారు. అంటే ఆ విద్య పూర్తిగా చావలేదు.

మిత్రులకు నా విన్నపం. మీ ఊళ్ళో పాత గుడి, బురుజు, మెట్లబావి, గడీ, తాతల నాటి ఇల్లు ఏదైనా ఉంటే, 'బాగు చేయిస్తున్నాం' అని చందాలకు వచ్చినప్పుడు డబ్బుతో పాటు ఒక మాట కూడా ఇవ్వండి: సిమెంటు పూయవద్దని, సున్నం తెలిసిన మేస్త్రీ కోసం వెతకమని. డెబ్బై దాటిన మేస్త్రీలు ఒకరిద్దరు ఇంకా ప్రతి మండలంలోనూ ఉండి ఉంటారు. వారిని అడిగి, పక్కన ఒక కుర్రవాణ్ణి నిలబెట్టి నేర్పించండి. నేను ఆనాడు నవ్వి పంపించిన తాతను మీరు కూర్చోబెట్టి మాట్లాడించండి.

మిరుదొడ్డి మెదక్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. పాత కాగితాలన్నీ కొత్త కార్యాలయాలకు తరలాయి. నా నోటు ఉన్న ఆ ఫైలు ఇప్పుడు ఎక్కడున్నా, అందులోని 'శాశ్వతము' అన్న మాటను ఈ వ్యాసం ద్వారా కొట్టివేస్తున్నాను.